బోర్లించిన తట్ట

అన్నం పెట్టినవాళ్ళతో బేరమాడవలసి రావడం కంటే పెద్ద ఇరకాటం మనిషికి ఇంకోటి ఉండదు. ఆ ఇరకాటం సీతారావమ్మకి బూర్గంపాడులో, సొంత ఇంటి వసారాలో, కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా వచ్చింది.

వసారాలో ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు మర్యాదతో చంపుకుంటున్నారు.

"నీకు చెప్పేదేముంది బావా! నీ ఇల్లే అనుకో. నీకెలా బాగుంటే అలా కానియ్," అన్నాడు ఆమె భర్త వెంకటనారాయణ.

"గంతే బావా. పైసల ముచ్చట మన నడుమ ఎందుకు? నీకు తోచింది ఇయ్యి. ఇయ్యకపోయినా నేనేమన్న అడుగుతనా?" అన్నాడు సారంగపాణి మేస్త్రి.

వినేవాళ్ళకి ముచ్చటేసే మాటలే. సీతారావమ్మకి మాత్రం భయమేసింది. సరిగ్గా ఇవే మాటలు ఆమె ఇంతకుముందొకసారి సత్తుపల్లిలో, అక్క నిర్మలాదేవి ఇంట్లో విని ఉంది. అక్క మొగుడు మేడ కట్టే పని తన చిన్ననాటి స్నేహితుడికే అప్పజెప్పాడు. నీకు తోచింది చెయ్యి, నాకు తోచింది ఇస్తాననుకున్నారు. ఇద్దరికీ తోచింది ఒకటి కాదని మెట్లు సగానికి వచ్చేసరికి తెలిసింది. నువ్వు దొంగవంటే నువ్వు దొంగవనుకున్నారు, పెద్దమనుషుల్లో పెట్టుకున్నారు, కోర్టుకెక్కారు. మేడ మాత్రం ఎవరూ ఎక్కలేదు. బావగారు పోయిననాడు ఆ స్నేహితుడు గేటు బయటే నిలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. ఆ సగం మెట్ల మీద అక్క ఇప్పుడు వడియాలు ఆరబెట్టుకుంటుంది.

అక్క పోగొట్టుకున్నది మొగుడి స్నేహితుణ్ణి. తను పోగొట్టుకోబోయేది అంతకంటే పెద్దదని సీతారావమ్మకి తెలుసు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి ఊళ్ళోకొచ్చినప్పుడు, వీళ్ళు ముసలి అత్తగారు ఆదెమ్మని దుప్పట్లో చుట్టుకుని ట్రాక్టరెక్కి, పాల్వంచ దాటి కొత్తగూడెం చేరారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని, పదిమందికి పనిచెప్పిన మనుషులు బడి వరండాలో గోనెపట్టాల మీద పడుకున్నారు. ఆదెమ్మకి ఒళ్ళు పేలిపోయే జ్వరం. ఆ బడికి అన్నం గిన్నెలు మోసుకొచ్చిన బొగ్గుబాయి కాలనీ ఆడవాళ్ళలో ఒకామె, ముక్కూ మొహం ఎరగని మనిషి, ఆదెమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ముసలామెను గిట్ల నేల మీద పండబెడతరా? లెవ్వుండ్రి, మా ఇంటికి పోదాం," అంది.

ఆమె సారక్క. ఆమె భర్త సారంగపాణి బొగ్గుబాయిలో గోడలు కట్టే మేస్త్రి. వాళ్ళది రెండంటే రెండు గదుల క్వార్టరు. గది వీళ్ళకి వదిలేసి వాళ్ళు వంటింట్లో పడుకున్నారు. వరద తీసి, ఊళ్ళో ఇల్లు బురద వదిలి ఆరేదాకా నెల పైమాటే. ఆ నెలంతా ఒక్కపూట కూడా ఎన్నాళ్ళుంటారన్న మాట రాలేదు సరికదా, అలాంటి చూపు కూడా రాలేదు. ఆదెమ్మని చేతుల మీద దవాఖానాకి మోసుకెళ్ళింది సారంగపాణే. వెళ్ళేరోజున వెంకటనారాయణ ఏదో ఇవ్వబోతే సారక్క ఆ చెయ్యి వెనక్కి నెట్టి, "అన్నానికి రేటు గడతమా అన్నా?" అంది. ఆ రోజు నుంచి వరసలు కలిశాయి. అన్నలు లేని సీతారావమ్మకి ఒక అన్న దొరికాడు, వదిన దొరికింది. దేవుడికి పెట్టే దండంలో సగం ఆమె కొత్తగూడెం వైపు తిరిగి పెట్టేది. పెట్టినప్పుడల్లా కళ్ళు చెమర్చేవి.

మూడేళ్ళు గడిచాయి. వరద నానబెట్టిన ఇల్లు కుంటుతూనే ఉంది. సారంగపాణి బాయి పని నుంచి దిగిపోయి, క్వార్టరు ఖాళీ చేసి, కిరాయి ఇంట్లో ఉంటూ ఇళ్ళ పనులు పట్టుకుంటున్నాడు. వంటిల్లు పెంచాలి, నేల ఎత్తు చెయ్యాలి, పెరట్లో స్నానాల గది కట్టాలి అనుకున్నప్పుడు ఇంకో మేస్త్రి పేరు ఈ ఇంట్లో ఎవరి నోటికీ రాలేదు. రాకపోవడమే చిక్కు. ఎంతవుతుందని అడిగితే అన్నం తిన్న నోటితో అడిగినట్టు. అడక్కపోతే సత్తుపల్లి మెట్లు.

ఆమె గ్లాసులు అందించకుండా అలాగే నిలబడిపోయేసరికి, లోపల ఆదెమ్మ పక్కన కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న సారక్క బయటికొచ్చింది. ఆ రోజు ఆమె కూడా భర్త వెంట వచ్చింది. మొగవాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసింది.

"మస్తుగుంది. మీరిద్దరు గిట్ల ముద్దులాడుకుంట కూసుంటే ఇల్లు లేస్తదా? వదినె మొహం జూడుండ్రి, పిల్లిని జూసిన కోడిపిల్ల లెక్కయింది. నా కడుపుల గూడ గదే ఉన్నది. వదినే, ఆ గ్లాసులు కింద పెట్టు. మనం కొట్లాడుకుందాం."

"అదేమిటి వదినా! నేనేమన్నానని?" అంది సీతారావమ్మ గాభరాగా.

"ఇంక ఏమనలే. పని అయిపొయ్యేటప్పుడు అంటవు. నేనూ అంట. గప్పుడు అనేటియన్ని ఇప్పుడే అనేసుకుందాం. మా బాయి కాలనీల ఇద్దరాడోళ్ళు కలిసి బర్రెను కొంటే, పాలు పిండకముందే మా అవ్వ ఇద్దర్ని కూసొబెట్టి కొట్లాడిపిచ్చేది. పెండ ఎవలెత్తాలె, దూడ ఎవలికి, బర్రె ఒట్టిపోతే ఎవలి కర్మ. నోరు నొచ్చేదాంక తిట్టుకున్నంక, బర్రె సచ్చేదాంక సోపతి చెడకపోయేది. ఇంకోటి. నువ్వు నా లెక్క తిట్టాలె, నేను నీ లెక్క తిడ్త."

లోపల్నుంచి ఆదెమ్మ గొంతు వినపడింది. "అంత నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మా నాయన అనేవాడు. తిట్టవే సీతారావమ్మా, నేను వింటాను!"

సారక్క కొంగు నడుముకి దోపింది. సీతారావమ్మ గొంతుని అచ్చంగా దించేసింది. "ఏమయ్యా మేస్త్రీ! సిమెంటు బస్తాలు లోడుకి లోడు తెప్పించాం, గోడలు మాత్రం గోరు పెడితే రాలుతున్నాయి. మా సిమెంటు ఎవరింటికి పోయింది?"

సారంగపాణి మొహం ఎర్రబడింది. "ఏయ్, ఏం మాటలే గవి?"

"నువ్వాగు. రేపు ఎవలన్న అంటే ఏం జేస్తవ్? చెప్పు వదినే, నువ్వు మేస్త్రి పెండ్లానివి. జవాబియ్యి."

సీతారావమ్మ తడబడింది. ఎలాగో నోరు తెరిచింది. తెరిచాక ఇన్నాళ్ళూ ఆ మాటలెక్కడ దాక్కున్నాయో ఆమెకే తెలియదు. "సిమెంటు దిగేటప్పుడు మీ ఆయన ఎక్కడ తిరుగుతున్నాడండీ? నిలబడి చూసుకోవద్దూ? గోడ అయిపోయాక కిటికీ ఇటు కాదు అటు పెట్టమంటాడు. కట్టింది పడగొట్టి మళ్ళీ కడితే ఆ కూలి ఎవరబ్బ ఇస్తాడు? అడిగితే మనలో మనకి లెక్కలేమిటంటాడు! మా పనివాళ్ళు మీ ప్రేమ తిని బతుకుతారా?"

వెంకటనారాయణ నోరు వెళ్ళబెట్టాడు. దర్జీ కుట్టేసిన చొక్కాకి కూడా జేబు మార్పించిన మనిషి ఆయన. దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. లోపల ఆదెమ్మ పకపకా నవ్వింది.

ఆ తరవాత ఇక ఆపేవాళ్ళు లేకపోయారు. వానొచ్చి పని ఆగితే ఏమిటని ఒకరు, డబ్బు ముందే అంతా ఇచ్చేస్తే మేస్త్రి ఇంకో ఊరి పనికి పోడా అని ఒకరు, చివర్లో ఇస్తామని ముఖం చాటేస్తే ఎలాగని ఇంకొకరు. ఒక్కో తిట్టు చల్లారినప్పుడల్లా ఒక్కో ఒప్పందం మిగిలింది. ఇటుకా సిమెంటూ ఇంటివాళ్ళే కొనాలి, దింపేటప్పుడు ఇద్దరూ నిలబడి చూడాలి. పని ఎక్కడిదాకా వస్తే కూలి అక్కడిదాకా, ముందు కాదు, వెనక కాదు. అదంతా రెండు కాగితాల మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ పైన సారంగపాణి ఇల్లంతా తిరిగి గోడల మీద గీతలు గీశాడు. జాజుతో గీసిన ఎర్రగీత ఉంటే కూల్చేది, సున్నంతో గీసిన తెల్లగీత ఉంటే ముట్టనిది.

చివర్లో సారక్క ఇంకో మాట కలిపింది. "గీత దాటాలన్నా, అనుకోనిది ఏమన్న ఎదురైనా, ఎవలికి అనుమానమొచ్చినా, నోటితోని మొహమాటపడేది లేదు. మాలు మోసే తట్ట తెచ్చి గడప ముంగట బోర్లించుండ్రి. పని బంద్. కూసొని మాట్లాడుకున్నంక రెండు పక్కలోళ్ళు కలిసి ఎత్తాలె. ఒక్కళ్ళెత్తితే చెల్లదు."

సారంగపాణి తల అడ్డంగా ఊపాడు. "తట్ట వద్దే. పొద్దుండంగ ఇంటివాళ్ళు తట్ట బోర్లిచ్చిన్రంటే మేస్త్రిని ఎల్లగొట్టిన్రని పనోళ్ళ లెక్క. మల్ల ఆ మేస్త్రిని ఎవడు ఖాతరు జేస్తడు?"

"అందుకే తట్ట పెడుతున్నా. ఊకూకె ఎవలూ బోర్లియ్యరు," అంది సారక్క.

పని మొదలైంది. సిమెంటూ ఇసుకా కలిపిన మాలు తొక్కిడితో పెరడంతా సందడి. వెంకటనారాయణ రెండో వారమే, ముత్యాలు అనే కూలిమనిషి చెవిలో కిటికీ కాస్త ఇటు జరపమని గుసగుసలాడుతూ దొరికిపోయాడు. సారంగపాణి నవ్వుతూ తనే తట్ట బోర్లించాడు. ఇద్దరూ కూర్చున్నారు, జరిపితే ఎంతవుతుందో అనుకున్నారు, వెంకటనారాయణ ఆ కిటికీ ఉన్నచోటే బాగుందని తేల్చుకుని లేచాడు. ఆ వేళ సీతారావమ్మ గుండెల మీంచి పెద్ద బండ దిగింది. ఇంత సులువైన సంగతికి అక్కా బావగారూ కోర్టు మెట్లెక్కారే అని జాలిపడింది కూడా. ఆ జాలి మరీ తొందరపాటయింది.

ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. కల్లంలో కాయ ఎర్రగా నవ్వుతుంటే రైతులు ఏడుస్తున్నారు. ఒక మధ్యాహ్నం సీతారావమ్మ కల్లం నుంచి వచ్చేసరికి, తెల్లగీత గీసిన వంటింటి తూర్పు గోడ సగానికి కూల్చేసి ఉంది. పెరట్లో కొత్త ఇటుక దిగి ఉంది. అది వాళ్ళు కొన్న ఇటుక కాదు. రంగే వేరు.

మాలు తట్ట నెత్తినెత్తుకున్న ముత్యాలుని ఆపి అడిగింది. ముత్యాలు అటూ ఇటూ చూసి, "మేస్త్రి చెప్పొద్దన్నడమ్మా," అంది.

సారంగపాణి గోడ దగ్గరే ఉన్నాడు. "అన్నయ్యా, ఇది తెల్లగీత గోడ కదూ?"

"అవ్ చెల్లె. నువ్వు లోపలికి పో. గది నేను చూసుకుంట," అన్నాడు, తల ఎత్తకుండా.

"ఈ ఇటుక ఎవరిది?"

"చూసుకుంటనంటిని గదా."

వసారాలోంచి వెంకటనారాయణ కళ్ళతోనే వద్దని సైగ చేశాడు. దగ్గరికొచ్చి, "ఊరుకో. ఏదో కారణం ఉంటుంది. మనం నెల రోజులు తిన్నప్పుడు ఆయన కారణాలడిగాడా?" అన్నాడు మెల్లిగా.

ఆ ఒక్క మాటతో ఆమె నోరు కట్టుబడాలి. నిజానికి కట్టుబడింది కూడా. రెండడుగులు లోపలికి వేసింది. ఆదెమ్మని చేతుల మీద మోసుకుపోతున్న సారంగపాణి వీపు కళ్ళ ముందు కనిపించింది. అంతలోనే గేటు బయట తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చిన మనిషీ కనిపించాడు. అతనికీ ఎవరో ఒకరు ఏదో ఒకరోజు ఊరుకో అని చెప్పి ఉంటారు. అక్క అప్పుడు లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది.

సీతారావమ్మ వెనక్కి తిరిగింది. ముత్యాలు నెత్తి మీది తట్ట రెండు చేతులా దించింది. మాలుతో నిండుగా ఉన్న తట్టని తీసుకెళ్ళి, గడప ముందు, అందరూ చూస్తుండగా బోర్లించింది.

తాపీల చప్పుడు ఆగిపోయింది. పనివాళ్ళు మొహాలు మొహాలు చూసుకున్నారు.

సారంగపాణి నిలబడ్డాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను దొంగనా చెల్లె?"

"కాదన్నయ్యా."

"మరి?"

కూర్చుని మాట్లాడుకుందాం అనాలి. అదే కదా ఒప్పందం. ఆమె అనలేకపోయింది. సారంగపాణి తాపీ కడుక్కున్నాడు, గోడ నిలువు చూసే తూకంగుండు దారం చుట్టుకున్నాడు, రెండూ సంచిలో వేసుకున్నాడు. బస్సు రోడ్డు వైపు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం వెంకటనారాయణ అన్నం ముట్టలేదు. "తిన్నింటి మనిషిని పదిమందిలో నిలబెట్టి అవమానించావు," అని ఒక్కమాటన్నాడు. ఆ ఒక్కటీ చాలింది. తప్పు చేశానేమో, చిన్న గోడ కోసం పెద్ద దిక్కుని పోగొట్టుకున్నానేమో అని సీతారావమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. పోనీ తట్ట తీసేసి కబురు చేద్దామని గడప దాకా వెళ్ళింది కూడా.

"ఏడిస్తే ఏడిచావు గానీ తట్ట జోలికి పోకు," అంది ఆదెమ్మ మంచం మీంచి. "అది నీ ఒక్కదానిదే కాదు."

తెల్లారాక పాల్వంచ మీదుగా వచ్చిన బస్సులో సారక్క దిగింది. వాకిట్లోకి ఒక్కతే వచ్చి తట్టని చూసింది. దాని పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఎవలు బోర్లిచ్చిన్రు?"

"నేనే వదినా. నన్ను తిట్టు. నువ్వెన్నన్నా పడతాను. కానీ రాకుండా మాత్రం ఉండొద్దు," అంది సీతారావమ్మ. అనడంలోనే ఏడుపు వచ్చేసింది.

సారక్క ఆమె రెండు చేతులూ లాక్కుని కళ్ళకద్దుకుంది. "తిట్టుడేంది వదినే. నీ కాళ్ళు మొక్కాలె. నా ఇల్లు నిలబెట్టినవ్."

సీతారావమ్మకి ఏమీ అర్థం కాలేదు.

"నిన్న ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండిండు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పిండు. మీ తూర్పు గోడ మీది గిలాబు పూత గీకితే లోపలంత డొల్లనట. వరద నీళ్ళు నిలిచి మట్టి కరిగి ఇటుకలు ఊగుతున్నయట. దాని మీద కప్పు పెడితే ఓ వానకు కూలుతదట. మిర్చి రేటు పడి మీరే దిగులు మీదున్నరు, మల్ల గోడ ఖర్చు ఎట్ల చెప్పాలె అని మొహమాటం. మేం జాగ కొని, రెండు రూములు ఏసుకుందామని దాచుకున్న పైసలున్నయి వదినే. బాయిల దిగి సంపాదించిన పైసలు. నాకు చెప్పకుండ అండ్లకెళ్ళి ఇటుక తెచ్చి మీ గోడ పెడుతుండు."

"అయ్యో!" అంది సీతారావమ్మ.

"మంచితనమే. కాదంటనా? నువ్వు తట్ట బోర్లియ్యకపోతే గోడ లేసేది. మీకు తెల్వకపోయేది. ఓ యేడు బోతే, కిరాయి కట్టలేక ఇబ్బంది పడ్డనాడు, ఆయన మీ గోడను యాది జేసుకునేటోడు. నేను మీ పేరు తీసి ఆయన్ని తిట్టేదాన్ని. మెల్లగ మీ ఇంటికి రాకడ బందయ్యేది. మీరేమో, గింత మంచిగుండేటోళ్ళు ఎందుకు రాకపాయె అనుకుంట కూసుందురు. చెప్పకుండ చేసిన ఉపకారం గట్లనే కడుపుల కుళ్ళుతది. నేను తట్ట పెట్టింది మీ మొహమాటానికి అనుకున్న. నా మొగని మొహమాటానికి పనికొచ్చింది."

వింటూ నిలబడ్డ వెంకటనారాయణ భార్య వైపు చూడలేక నేల చూశాడు. తరవాత, "బావ ఎక్కడ?" అన్నాడు.

"నాతోనే వచ్చిండు. సిగ్గయి బస్టాండుకాడ చాయ హోటల్ల కూసుండు."

వెంకటనారాయణ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు. కాసేపటికి ఇద్దరూ వచ్చారు. సారంగపాణి సంచి భుజానికి తగిలించుకునే ఉన్నాడు. వసారాలో కూర్చున్నారు. ఈసారి మర్యాదలు ఎవరూ మొదలుపెట్టలేదు. సారంగపాణి వెంకటనారాయణని తీసుకెళ్ళి మిగిలిన సగం గోడలో చెయ్యి దూర్చి చూపించాడు. పిడికెడు బురదమట్టి, వరద నాటిది, పొడిగా రాలింది.

"చెప్పొచ్చుగా బావా."

"చెప్పాల్సింది. తప్పయింది. తట్ట నేనే బోర్లియ్యాల్సింది."

గోడ కట్టక తప్పదు. డబ్బు చూస్తే ఇంటివాళ్ళ దగ్గర అదనంగా లేదు. వెంకటనారాయణే తేల్చాడు, స్నానాల గది వచ్చే పంట దాకా ఆపుదాం, దాని డబ్బు ఈ గోడకి మళ్ళిద్దాం అని. ఇటుక ఖరీదు ఆ పూటే సారక్క చేతిలో పెట్టారు. కాగితాల్లో స్నానాల గది కొట్టేసి గోడ రాశారు. అంతా అయ్యాక సారంగపాణి ఉండబట్టలేక, "ఈ గోడకి నా కూలన్న ఇడిసిపెడ్త. చెల్లె ఇల్లు, గంత హక్కు లేదా నాకు?" అన్నాడు.

వెంకటనారాయణ మెత్తబడబోయాడు. సీతారావమ్మ ముందుకొచ్చింది.

"వద్దన్నయ్యా. గోడకి కూలి తీసుకో. ఇటుకకీ సిమెంటుకీ లెక్క చూసుకుందాం, ఎంతయినా ఇస్తాం, ఆలస్యమైతే ఆలస్యమని ముందే చెబుతాం. మీ వంటింట్లో మీరు పడుకుని మాకు గదిచ్చి నెల రోజులు పెట్టిన అన్నం ఉంది చూడూ, అది మాత్రం మేం ఎప్పటికీ తీర్చం. తీర్చలేకా కాదు, తీర్చాలని లేకా కాదు. అది బాకీ ఉంటేనే నువ్వు నాకు అన్నవి, ఈవిడ నాకు వదిన. ఆ అన్నాన్ని ఈ గోడ కూలితో, ఈ ఇటుక లెక్కతో ఇంత పిసరు కూడా కలవనివ్వను. అది అలాగే ఉండాలి."

సారంగపాణి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. సారక్క అటు తిరిగి ముక్కు చీదింది.

"ఇంక తట్ట ఎత్తండి," అంది లోపల్నుంచి ఆదెమ్మ. "గడప దాటలేక చస్తున్నాను."

సీతారావమ్మ ఒక పక్క, సారంగపాణి ఒక పక్క పట్టుకున్నారు. తట్ట రాలేదు. లోపల మాలు గడ్డకట్టి నేలని పట్టేసింది. ఆమె లాగితే కదల్లేదు, ఆయన లాగితే కదల్లేదు. ఇద్దరూ ఒక్కసారే ఊగించి లాగితే ఊడొచ్చింది. గడప ముందు గుండ్రటి సిమెంటు ముద్ద మిగిలింది.

"ఈ చెడిపోయిన మాలు ఎవలి ఖాతాల?" అన్నాడు సారంగపాణి. "గీ సంగతి ఆ రోజు కొట్లాడుకోలే."

"ఇప్పుడు కొట్లాడుకుందాం పా," అని సారక్క కొంగు నడుముకి దోపింది. పనివాళ్ళతో సహా అందరూ నవ్వేశారు. ముత్యాలు ఇంకో తట్ట అందుకుంది.

వాన కాలానికి ముందే వంటిల్లు పూర్తయింది. మరుసటి ఏడు స్నానాల గది వచ్చింది, ఆ పై ఏడు సారక్క వాళ్ళు పాల్వంచలో తమ రెండు గదులూ వేసుకున్నారు. ఆ పనికి ముందు కూడా వీళ్ళందరూ వెళ్ళి, ఆదెమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, కడుపారా కొట్లాడుకుని వచ్చారు.

ఇల్లు చూడటానికొచ్చిన చుట్టాలందరూ అంతా బాగుందంటారు, గడప ముందున్న ముద్ద కాలికి తగిలి మాత్రం విసుక్కుంటారు. అక్క నిర్మలాదేవి కూడా వచ్చింది. దానికి బొటనవేలు కొట్టుకుని, "ఇంత ఇల్లు కట్టుకున్నావు, ఈ పెంటని ఒక్క పలుగు దెబ్బతో తీయించలేవటే?" అంది.

సీతారావమ్మ కిందకి చూపించింది. ఏటా ఉగాదికి ఇంటికి సున్నం వేసేటప్పుడు, ఆ ముద్ద చుట్టూ ఆమె తన చేత్తో ఒక తెల్లగీత గీస్తుంది.